నవంబర్ అని నేనే చెప్పాను

ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు నేను రెండోసారి చదవలేదు. ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చున్నవాడు ఎదుటి మనిషి చెప్పిందే చెప్పాలనీ, కలపకూడదనీ, తీసెయ్యకూడదనీ, దిద్దకూడదనీ అందులో ఉంది. ఇందులో కష్టమేముంది అనుకున్నాను. తెలుగు పుట్టినప్పటినుంచీ ఉంది, ఇంగ్లీషుతో అన్నం తింటున్నాను. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబెట్టుకోలేదు.

రెండువేల నాలుగు ప్రాంతం. నేను షెఫీల్డ్‌లో ఒక పరిశోధన విభాగంలో డేటాబేస్ చూసే ఉద్యోగంలో ఉన్నాను. వయసు పైబడ్డ కొద్దీ మనుషుల జ్ఞాపకం, నడక, నిద్ర ఎలా మారతాయో ఏళ్ళ తరబడి గమనించడం వాళ్ళ పని. ఊళ్ళో అరవై దాటినవాళ్ళకు జీపీ సర్జరీల నుంచి, అంటే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల నుంచి, ఉత్తరాలు వెళ్ళేవి. ఒప్పుకున్నవాళ్ళ ఇంటికి ఒకమ్మాయి వెళ్ళి ప్రశ్నలు అడిగి వచ్చేది. ఆ జవాబులు కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేను. అందుకే ముందుగా నా కంటనే పడింది: అన్నీ ఇంగ్లీషు పేర్లే. మనవి లేవు. పాకిస్తానీ పేర్లు లేవు, సోమాలీ పేర్లు లేవు. ఉత్తరాలు అందరికీ వెళుతున్నాయి, మనవాళ్ళ దగ్గరనుంచి తిరిగి రావడం లేదు.

పరిశోధన నడిపే డాక్టరమ్మ ఒక మీటింగ్‌లో ఆ జాబితా బల్లమీద పెట్టి, "ఈ ఊళ్ళో తెల్లవాళ్ళే ముసలివాళ్ళవుతున్నారా?" అని అడిగింది. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. "తెలుగువాళ్ళను నేను తీసుకొస్తాను."

సేవ చెయ్యాలని ఎత్తిన చెయ్యి కాదది. వేసవిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. దాన్ని పొడిగించకపోతే వర్క్ పర్మిట్ పోతుంది. ఈమె నా పేరు గుర్తుపెట్టుకోవాలి, అంతే నా ఆలోచన.

నెలకొక ఆదివారం తెలుగు కుటుంబాలన్నీ ఒక స్కూలు హాల్లో భోజనాలకు కలిసేవి. పులిహోర గిన్నెల పక్కన నిలబడి విషయం చెప్పాను.

"రక్తం తీస్తారా?" అని ఒక అంకుల్.

"తియ్యరండీ. ప్రశ్నలు అడుగుతారు, అంతే."

"రక్తం తియ్యకుండా ఊరికే ఎందుకడుగుతారయ్యా? ఏదో ఉంది."

"మా అత్తగారికి పిచ్చా ఏంటి, పరీక్ష చెయ్యడానికి?" అని ఇంకొకావిడ. ఆ అత్తగారు పక్కనే కూర్చుని పెరుగన్నం తింటోంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"మరి వీసా వాళ్ళకు చెబుతారటగా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారు."

నా ముఖం పాలిపోయి ఉంటుంది. అప్పుడే వెనకనుంచి ఒక గొంతు లేచింది. "రాస్కో బిడ్డా, నా పేరు రాస్కో. ముప్పై ఏండ్లు చెకింగోళ్ళకే భయపడలే, గా పిల్లకు భయపడుతనా?"

ఆయన హన్మకొండ డిపోలో బస్ కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేశాడు. అల్లుడికి వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం, శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాడు. కూతురు ఇక్కడే ఒక ఆఫీసులో పనిచేసేది. ఆరేళ్ళ మనవరాలిని స్కూలు నుంచి తీసుకొచ్చే పని ఆయనది. నన్నెప్పుడూ "ఆంధ్రా బాబూ" అని ఏడిపించేవాడు.

"మీ గుంటూరోళ్ళు పిలిస్తే తెలంగాణోడు వెనక్కి పోయిండంటరు రేపు. రాస్కో," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన పేరు రాసుకున్నాక మరో ముగ్గురు ముందుకొచ్చారు.

నవంబర్ చివర్లో, కూతురు ఆఫీసుకు వెళ్ళిన పూట, ప్రశ్నలడిగే అమ్మాయినీ నన్నూ ఇంటికి రమ్మన్నాడు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"బిడ్డా, నాకేమన్న తేడా ఉందని తేలితే మా అల్లునికి తెలుస్తదా?"

"అంతదాకా ఎందుకు పోద్దిలే అంకుల్."

"అల్లునింట్ల తింటున్న. మంచిగున్నంత సేపే మర్యాద. మనుమరాలిని తోలుకొస్త కాబట్టి, నాకూ ఒక పనుంది."

అది ఆయన నాకు చెప్పిన భయం. నేను దాన్ని ఒక బాధ్యత లాగా తీసుకున్నాను. అక్కడే మొదలైంది.

ఆ అమ్మాయి అన్నీ ఓపికగా వివరించింది. జవాబుల్లో ఆందోళన పడాల్సిందేమైనా ఉంటే, ఆయన ఒప్పుకుంటేనే, జీపీకి ఉత్తరం రాస్తామంది. ఆయన ఒప్పుకుని సంతకం చేశాడు. ఆ సంతకం గుండ్రంగా, తడబడకుండా ఉంది.

ఇది ఏ నెల అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

ఆయన కిటికీ వైపు చూశాడు. బయట పేవ్‌మెంట్ మీద రాలిన ఆకులు తడిసి నల్లబడి ఉన్నాయి. చాలాసేపు చూశాడు. "శ్రావణం," అన్నాడు.

అది కార్తీకం. మా ఇంట్లో దీపాలు పెట్టుకున్నాం. కార్తీకం అని ఉంటే "తెలుగు నెల చెబుతున్నారు, సరైందే" అని నిజాయితీగా చెప్పగలిగేవాణ్ణి. శ్రావణం అంటే మూడు నెలల వెనక. నేను ఆ అమ్మాయివైపు తిరిగి "నవంబర్" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. మా ఇళ్ళల్లో పెద్దాయన మాట తడబడితే చిన్నవాళ్ళు అందుకుని పూర్తి చేస్తారు. కొత్తవాళ్ళ ముందైతే మరీ. అది తప్పు కాదు, మర్యాద. నాన్న తప్పు చెబితే నవ్వే కొడుకుని ఎవరూ మెచ్చుకోరు. ఇరవై రెండేళ్ళ తెల్లమ్మాయి, చేతిలో పెన్ను, ఆ పెన్ను కింద ఆయన. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇంకో కారణం కూడా ఉంది, అంత మర్యాదైంది కాదు. ఈయన నేను తెచ్చిన మొదటి మనిషి. పరీక్ష పోయిందని తెలిస్తే మిగతావాళ్ళు రారు.

తర్వాత ఏ ఊళ్ళో ఉన్నామని అడిగింది. "ఉన్న ఊరా, నా ఊరా?" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వి "షెఫీల్డ్" అన్నాను. అది హాస్యమో, తెలియకపోవడమో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను.

మూడు వస్తువుల పేర్లు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గొడుగు, కుండ, నిమ్మకాయ. కాసేపు వేరే ప్రశ్నలయ్యాక మళ్ళీ అడిగింది.

"గొడుగు," అన్నాడాయన. ఆ తర్వాత పెదాలు కదిలాయి. "ఇంకోటి... ఏందది... పొద్దుగాల మా బిడ్డ చాయ్ తాగి పోయిందా?"

"కుండ, నిమ్మకాయ అంటున్నారు," అని నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన తల తిప్పి నావైపు చూశాడు. ఇంగ్లీషు ఆయనకు బొత్తిగా రాకపోలేదు. ఆ చూపులో కోపం లేదు, కృతజ్ఞతా లేదు. గుంపులో ఎవరో తన జేబులో చెయ్యి పెడితే తిరిగి చూసినట్టు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. ఆ అమ్మాయి టిక్కు పెట్టుకుంది.

బయటికొచ్చేటప్పుడు నా చెయ్యి వదల్లేదు. "ఫెయిల్ కాలే గదా?"

"లేదంకుల్. బాగా వచ్చింది."

"మా బిడ్డకు చెప్పు గట్లనే."

చెప్పాను. అది రెండో తప్పు, మొదటిదాని కంటే పెద్దది. వారం తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, బాపు ఈ మధ్య మస్తు మర్చిపోతున్నడు. జీపీ అపాయింట్‌మెంట్ తీస్కున్న. మీ టెస్ట్‌ల ఏమొచ్చింది? నిజం చెప్పు."

"బాగుందమ్మా. ఏమన్నా ఉంటే ఈపాటికి ఉత్తరం వచ్చేది గదా."

"హమ్మయ్య," అంది. ఆ ఊపిరి నాకు ఫోన్‌లో వినిపించింది.

ఆ రోజునుంచి మూడింటికి నాకు పని సాగేది కాదు. మూడుంబావుకు స్కూలు వదులుతారు. అక్కడనుంచి ఇంటికి పది నిమిషాల నడక, మధ్యలో ట్రామ్ లైను, దాని తర్వాత పెద్ద రోడ్డు, ఆపైన నిటారుగా ఎక్కే దారి. ఆయన చేతిలో ఆరేళ్ళ పిల్ల. ఆ పిల్ల ఆయన చేతిలో ఉందో, ఆయనే ఆ పిల్ల చేతిలో ఉన్నాడో ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు. మిగతా అందరికీ ఆయన పరీక్ష నెగ్గిన మనిషి.

జనవరిలో రెండుసార్లు ఆఫీసు నుంచి ముందే బయటపడి రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను. మొదటిసారి ఏమీ జరగలేదు. పిల్ల ఏదో చెబుతోంది, ఆయన ఊకొడుతున్నాడు. ఇంత భయపడ్డానేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. రెండోసారి క్రాసింగ్ దగ్గర ఆగారు. సిగ్నల్‌లో దాటమనే పచ్చ బొమ్మ వెలిగింది. ఆయన కదల్లేదు. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది, కదల్లేదు. పక్కన జనం దాటుతున్నారు. ఆయన ఎక్కడో చూస్తున్నాడు. మూడోసారి పిల్ల రెండు చేతులతో ఆయన కోటు పట్టుకుని లాగింది. దాటారు.

నేను వెళ్ళి పలకరించలేదు. పలకరిస్తే, ఇక్కడ ఏం చేస్తున్నావని అడుగుతారు. ఆఫీసుకు తిరిగి వచ్చి డాక్టరమ్మకు మెయిల్ రాయడం మొదలుపెట్టాను. "ఒక ఇంటర్వ్యూ విషయంలో" దగ్గర ఆగి చెరిపేశాను. ఆ వారమే మీటింగ్‌లో ఆమె అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. అప్పటికి ఏడుగురు తెలుగు పెద్దలు చేరారు. వాళ్ళలో ఇద్దరి దగ్గర కూడా నా నోరు ఊరుకోలేదు. చిన్న చిన్న దిద్దుబాట్లు. ఒకసారి అలవాటైతే నోటికి అడ్డం ఉండదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం. సన్నగా మంచు కలిసిన వాన. నాలుగుంబావుకు ఫోన్ మోగింది.

"అన్నా, బాపు ఇంటికి రాలే. పొల్ల కూడా రాలే. స్కూలోళ్ళు ఎప్పుడో పోయిండ్రన్నరు. నీకేమన్న ఫోన్ చేసిండా?"

నేను కోటు వేసుకోకుండా పరిగెత్తాను. స్కూలు దగ్గర ఎవరూ లేరు. గేటు మూసేసి ఉంది. ట్రామ్ స్టాప్‌లో చిన్నపిల్లలు వేసుకునే ఎర్ర గ్లవ్ ఒకటి పడి ఉంది. వంగి తీసుకున్నాను. ఆయన మనవరాలిదేనా? ఆ పిల్ల గ్లవ్‌లు ఏ రంగో నేనెప్పుడూ చూసుకోలేదు. పట్టాల మీద తడి మెరుస్తోంది. రెండువైపులా చూశాను, పట్టాల మధ్యకు చూశాను. దేనికోసం చూస్తున్నానో నా మనసుకు కూడా పేరు పెట్టి చెప్పలేదు. దేవుడికి మొక్కుకోబోయి ఆగిపోయాను. ఏమని మొక్కుకోవాలి? నేను దాచింది దాగాలనా?

వాళ్ళింటికి చేరేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఫోన్‌లో మాట్లాడుతోంది. చెప్పులు లేవు, తడి మెట్టుమీద ఉత్త కాళ్ళు. స్కూలు నుంచే ఫోన్. ఊరవతల చివరి స్టాప్‌లో ఒక బస్సు డ్రైవర్, పిల్ల సంచిమీద స్కూలు పేరు చూసి ఫోన్ చేశాడట.

టాక్సీలో వెళ్ళాం. ఖాళీ బస్సులో లైట్లు వెలుగుతున్నాయి. ఆయన తలుపు పక్క మొదటి సీట్లో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పిల్ల ఆయన మఫ్లర్ చుట్టుకుని ఉంది. రెండు చేతులకూ నీలం గ్లవ్‌లున్నాయి.

"తాత వాజ్ ద కండక్టర్," అంది పిల్ల, తల్లిని చూడగానే. "హీ టోల్డ్ ఎవ్రీవన్ టు మూవ్ అప్. అ లేడీ లాఫ్ట్. దెన్ దేర్ వాజ్ నో వన్." అంతవరకూ గట్టిగా ఉన్న గొంతు ఆఖరి మాట దగ్గర విరిగింది.

ఆయన కూతుర్ని చూసి లేచి నిలబడ్డాడు. "లాస్ట్ స్టేజమ్మా. అందరు దిగిండ్రు," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ముందు సీట్లో ఉన్న నాతో అద్దంలోకి చూస్తూ మాట్లాడింది. "టెస్ట్‌ల మంచిగ వచ్చిందంటివి గదా అన్నా. నువ్వట్ల చెప్తేనే జీపీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసిన. గింత తొందరగ ఇట్లెట్లయితది?"

నిజం నేను చెప్పలేదు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలను నేను ఎవరిమీదా తొయ్యలేను. భయంతో నోరు పెగల్లేదు అని రాసుకుంటే సరిపోదు. నోరు పెగిలింది. "డాక్టర్‌కి చూపిద్దామమ్మా" అన్నాను. సగం నిజం చెప్పడానికి బాగానే పెగిలింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ గది తలుపు కొట్టాను. పరాయివాళ్ళకు చెప్పడం తేలిక కనుక ముందు అక్కడికి వెళ్ళాను. శ్రావణం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆమె అరవలేదు. ఏయే ఇంటర్వ్యూలు అని అడిగి రాసుకుంది. చివరికి ఇలా అంది: "మీవాళ్ళు ఎవరూ రానప్పుడు, మీ గురించి మాకు తెలియదన్న సంగతైనా మాకు తెలిసేది. ఇప్పుడు తెలుసనుకుని కూర్చున్నాం." నేను కూర్చున్న ప్రతి ఇంటర్వ్యూనీ పక్కన పెట్టేశారు. ఇంటర్‌ప్రెటర్ పని నాకు మళ్ళీ ఇవ్వలేదు. నా కాంట్రాక్టు సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదు. నా గురించి నేను రాసుకోగల ఒకే ఒక్క మంచిమాట అది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలోనే నిలబెట్టి విన్నది.

"ఎందుకు?" అంది.

"అంకుల్ పరువు పోద్దని..."

"మా బాపు పరువు నీ చేతుల పెట్టిన్నా నేను? నిజం చెప్పమని అడిగిన. నిజం చెప్పమనే అడిగిన గదా అన్నా!" ఆ తర్వాత గొంతు తగ్గించి, లోపల పిల్ల ఉందని కాబోలు, "రోజూ రోడ్డు దాటిండు నా బిడ్డతోని. నీకు తెలుసు. తెలిసి అన్నం ఎట్ల తిన్నవ్?" అంది.

తలుపు మెల్లగా వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది.

ఆమె ఆయన్ను జీపీకి చూపించింది. పిల్లను తీసుకురావడానికి పక్కింటావిడ ఒప్పుకుంది, తాత కూడా వెంట నడిచేవాడు. అల్లుడు వాట్‌ఫర్డ్ వదిలి షెఫీల్డ్‌లోనే ఉద్యోగం వెతుక్కున్నాడు. పెద్దాయన భయపడ్డట్టు మర్యాదేమీ తగ్గలేదు. అది కూడా నాకు సిగ్గే. ఆ ఇంటిని నేను తక్కువగా లెక్కవేశాను.

మార్చి చివర్లో ఆమె ఫోన్ చేసింది. ఈసారి "అన్నా" లేదు. "పరీక్ష మళ్ళ చేస్తరంట. లీడ్స్ నుంచి వేరే తెలుగావిడ వస్తది. బాపు మీరుంటేనే వస్తనంటుండు. నాకిష్టం లేదు. కానీ రండి."

పరీక్ష రోజు మా విభాగంలో, గది బయట కారిడార్‌లో నేనూ ఆయనా పక్కపక్కన కూర్చున్నాం. ఆయన కోటు గుండీలు సర్దుకుంటూ, చాలా మామూలుగా, "ఆనాడు నన్ను టికెట్ లేకుంట ఎక్కించినవ్ బిడ్డా," అన్నాడు.

నేను తల ఎత్తలేదు.

"చెకింగోడు ఎక్కితే ప్యాసింజరేముంది, దిగిపోతడు. ఛార్జిషీట్ కండక్టర్‌కే." నా మోకాలి మీద తట్టాడు. "భయపడకు. నాకు రెండుసార్లు ఇచ్చిండ్రు."

ఆయన్ను లోపలికి పిలిచారు. తలుపు పూర్తిగా పడలేదు. లీడ్స్ ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది. "ఇది ఏ నెలండీ?"

నిశ్శబ్దం. నా నాలుక నోట్లో కదిలింది. పళ్ళతో నొక్కిపెట్టాను. ఆ నిశ్శబ్దాన్ని లోపల ఎవరూ అందుకోలేదు, ఎవరూ పూర్తి చెయ్యలేదు. అది ఎంత పొడవో అప్పుడు తెలిసింది. ఆ పొడవు కొలవడానికే వాళ్ళు వచ్చారు. మొదటిసారి దాన్ని నేను తినేశాను.

"శ్రావణం," అన్నాడాయన.

"శ్రావణం అంటున్నారు. అంటే జూలై చివరనుంచి ఆగస్టు," అని ఆవిడ ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పింది.

అయ్యాక బయటికొచ్చాడు. కూతురు లోపల వాళ్ళతో మాట్లాడుతోంది. మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. కింద గడ్డిలో డాఫడిల్ పూలు పసుప్పచ్చగా ఉన్నాయి. ఆయన వాటిని చూస్తూ, "తప్పు చెప్పిన్నా?" అన్నాడు.

పాత అలవాటు గొంతుదాకా వచ్చింది. లేదంకుల్, బాగా వచ్చింది.

"అవునంకుల్. ఇది ఫాల్గుణం."

"ఫాల్గుణం," అని నోట్లో తిప్పుకున్నాడు, చిల్లర సరిచూసుకున్నట్టు. తర్వాత నావైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు:

"గింత సులువుగ చెప్పొచ్చు గదా బిడ్డా. ఆనాడెందుకు చెప్పలే?"